తవుడుకి కొన్న తొమ్మిదో నంబరు

మన మణిదీప్‌ని పోయినవారం క్లబ్ ఆఫీసు మెట్ల మీద కూలబడ్డవాణ్ణి కూలబడ్డట్టే వదిలేసి వచ్చాం. వారం రోజులూ అక్కడే ఉన్నాడనుకోకండి. కథలో గడిచింది మూడు రోజులే. ఆ మూడు రోజులూ కుర్రాడికి ముద్ద దిగలేదు.

ఏం జరిగిందో ఒక్కసారి గుర్తు చేసుకుందాం. కోరంగి రోవర్స్ జట్టు సెలక్షన్లకి వెళ్ళి మణిదీప్ రెండు గోల్స్ కొట్టాడు. ఒకటి తలతో, ఒకటి ఎడమకాలితో. ఎవరినీ ఊరికే మెచ్చుకోని కోచ్ యెహెజ్కేలు వాడి వీపు మీద ఒక్కటిచ్చి, "ఎక్కడ చచ్చావురా ఇన్నాళ్ళూ?" అన్నాడు. రాష్ట్ర లీగ్‌లో కింది డివిజన్ జట్టే అనుకోండి, అయినా కాకినాడ హార్బర్ పక్క ఇసకలో ఆడుకున్నవాడికి అదే మహాభాగ్యం. జట్టులో ఒక్క ఖాళీ ఉంది. అదీ ఇరవై ఒకటి లోపు కుర్రాడికే. మణిదీప్‌కి పందొమ్మిది. ఇంకేం కావాలి?

పుట్టిన సర్టిఫికెట్ కావాలన్నారు. ఆధార్ చూపిస్తే కుదరదన్నారు. సర్టిఫికెట్ తుపానులో పోయిందని తల్లి వీరవేణి చెప్పింది. సరే, నకలు తీయిద్దామని క్లబ్ సెక్రటరీ శివరామకృష్ణగారు స్వయంగా వెళ్ళి రికార్డులు వెతికించారు. పంతాడి చినబాబు, వీరవేణి దంపతులకి మగపిల్లాడు పుట్టినట్టు దొరికింది. కానీ 2003లో! 2006లో వాళ్ళకి పిల్లలెవరూ పుట్టినట్టే లేదు.

అంటే కుర్రాడికి ఇరవై రెండేళ్ళు, మూడేళ్ళు దాచి ఆడుతున్నాడు. వయసు దాచినట్టు తేలితే రెండేళ్ళు ఏ జట్టుకీ ఆడడానికి లేదు. "నిజం చెప్పరా, ఇప్పుడే కాగితం వెనక్కి తీసుకుంటాను. అబద్ధంతో పంపించానంటే నీతోపాటు క్లబ్బూ పోతుంది" అన్నారు శివరామకృష్ణగారు. పేర్లు పంపడానికి గడువు ఈ శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. ఆ శుక్రవారం ఇదే.

ఇంటికెళ్ళి, "నేనెప్పుడు పుట్టానమ్మా?" అని అడిగితే వీరవేణి మొహం పాలిపోయింది. "నన్నడక్కురా" అంది. మర్నాడూ అదే మాట. తండ్రిని అడుగుదామంటే ఆయన బోటు మీద పదిరోజుల వేటకి వెళ్ళాడు, ఫోను అందదు. నిషేధం సంగతి అటుంచండి, కుర్రాణ్ణి లోపల తినేస్తున్నది వేరే. 2003లో పుట్టినవాణ్ణి నేనైతే నా వయసెందుకు తగ్గించారు? నేను కాకపోతే వాడేడి? నేనెవర్ని? అమ్మ ఎవరి దగ్గరా తనని 'నా కొడుకు' అనకపోవడం ఇప్పుడు కొత్తగా గుర్తొచ్చింది. స్కూల్లో టీచరమ్మ "మీ అబ్బాయేనా అండి?" అని అడిగితే, "మా ఇంట్లో ఉంటాడండి" అంది ఒకసారి. పిల్లలంతా పగలబడి నవ్వారు. వాడూ నవ్వాడు. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఈ శుక్రవారం పొద్దున్న వీరవేణి తల దువ్వుకుని, ఒక ప్లాస్టిక్ కవరు జాకెట్లో దోపుకుని, "సెక్రటరీగారిని కారు తెమ్మను. రామచంద్రపురం వెళ్ళాలి" అంది.

"అక్కడెవరున్నారు?"

"మీ అత్త."

మణిదీప్ నోరు తెరిచాడు. అచ్చాయమ్మ అత్త, అంటే వాళ్ళ నాన్నకి అక్క. ఆవిడతో ఈ ఇంటికి మాటల్లేక పద్నాలుగేళ్ళు. ఏ పెళ్ళిలోనైనా ఎదురుపడితే ఇద్దరూ చెరో వైపు తిరుగుతారు. ఎందుకో ఎవరూ చెప్పరు.

శివరామకృష్ణగారిది రామచంద్రపురమే. పదెకరాల వరి, కొబ్బరితోట, ఇంటి వెనక ఒక ఆవు, వీటన్నిటికన్నా ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న పెద్దమనిషి. మనసులో సగం కోపం, సగం ఆశ పెట్టుకుని కారు నడుపుతున్నారు. ఊళ్ళోకి వస్తూండగా వీరవేణి వెనకసీట్లోంచి, "బాబుగారూ, ఆ రైసుమిల్లు దగ్గర ఒక్క నిమిషం ఆపండి" అంది.

ఆగారు. లోపలికెళ్ళి పది నిమిషాలకి వచ్చింది. వెనకాల ఒక మనిషి బస్తా మోసుకొస్తున్నాడు.

"ఏంటమ్మా అది?"

"తవుడండి."

"తవుడా! అవతల టైమైపోతూ ఉంటే తవుడేంటమ్మా? నీకు గేదెలున్నాయా?"

"గేదెల్లేవు బాబుగారు. ఇది లేకపోతే ఆవిడ మొహం నేను చూడలేను. డిక్కీలో వేయించండి."

ఆమె మొహం చూసి ఆయన డిక్కీ తెరిచారు. డిక్కీలో మొన్ననే వేయించిన కొత్త మ్యాటు ఉంది. దానిమీద తవుడు రాలుతూ ఉంటే ఆయన అటు చూడకుండా స్టీరింగ్ పట్టుకున్నారు.

చేపల మార్కెట్టు పదకొండు గంటల వేళకి సగం ఖాళీ అయింది. అచ్చాయమ్మ కత్తిపీట ముందు కూర్చుని వంజరం చేప ముక్కలు కోస్తోంది. అరవై దాటిన మనిషి, చేతులు మాత్రం కుర్రదానివి. ముందు శివరామకృష్ణగారిని చూసి, "రండి రండి బాబుగారూ, మీకోసం మంచి చందువ తీసి ఉంచాను" అంది. ఆయన వారం వారం అక్కడే చేపలు కొంటారు. ఈవిడే ఆవిడని ఆయనకి మాత్రం ఏం తెలుసు?

ఆయన వెనక వీరవేణి కనిపించింది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"ఎవరే అది? దారి తప్పి వచ్చావా?" అంది అచ్చాయమ్మ.

వీరవేణి వెనక్కి తిరిగి, "మణీ, బస్తా దించు" అంది. వాడు దాన్ని భుజం మీద తెచ్చి అత్త ముందు పడేశాడు. తవుడు దుమ్ము లేచి చుట్టుపక్కల బేరాలన్నీ ఆగిపోయాయి. చేపల మార్కెట్లో తవుడు బస్తా ఎవరు చూస్తారు చెప్పండి!

"బస్తా అడిగావుగా వదినా. తెచ్చాను. లెక్క సరిపోయింది. వాణ్ణి నాకు ఇచ్చెయ్యి" అంది వీరవేణి.

అచ్చాయమ్మ బస్తాని చూసింది. మరదలిని చూసింది. తర్వాత మణిదీప్‌ని తలనుంచి కాళ్ళదాకా చాలాసేపు చూసింది. వాడికి ఒళ్ళు మండింది.

"నన్నెవరికి ఎవరు ఇవ్వడమేంటి? ఎవరైనా చెప్తారా లేదా? మూడు రోజుల్నుంచి చస్తున్నాను నేను!" అని అరిచాడు.

"అరవకురా. నిన్ను నేను కొన్నాను. కుంచెడు తవుడు పోసి కొన్నాను" అంది అచ్చాయమ్మ.

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరిద్దరు నవ్వారు. మరి ఆ మాట ఎవరు వినలేదండీ? అల్లరి చేసిన ప్రతి పిల్లాణ్ణీ ఇంట్లో పెద్దవాళ్ళు 'నిన్ను తవుడుకి కొన్నాం' అని ఏడిపిస్తూనే ఉంటారు. మణిదీప్ కూడా చిన్నప్పుడు వందసార్లు విన్నాడు. కానీ అత్త మొహంలో నవ్వు లేదు.

"నిజంగానేరా" అంది వీరవేణి. అక్కడే ఐసుపెట్టె మీద కూర్చుని, కవరు తీసి, అందులోంచి ఒక పాత కాగితం శివరామకృష్ణగారి చేతికిచ్చింది. "బాబుగారూ, మీకు దొరికిన 2003 పిల్లాడు వీడు కాదండి. వీడికన్నా ముందు పుట్టినవాడు. అయిదు నెలలు బతికాడు. అదిగో, పోయినట్టు రాసిచ్చిన కాగితం. వాడి తర్వాత ఇంకో పిల్ల. దానికి పేరు పెట్టే వరకు కూడా ఉండలేదు."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చదివి, నిలబడలేక పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. ఈ మూడు రోజులూ తను దొంగ లెక్క అనుకున్నది ఒక పసివాడి చావు అని తెలిసి ఆ పెద్దమనిషికి ఎంత సిగ్గేసిందో చెప్పలేను.

అసలు కథ అచ్చాయమ్మ చెప్పింది. ఇద్దరు బిడ్డలు పోయాక మూడోవాడు పుడితే, వాళ్ళమ్మ, అంటే మణిదీప్ నాయనమ్మ, ఒక్కటే పట్టు పట్టింది. ఈ తల్లి చేతిలో పిల్లలు నిలవడం లేదు, పుట్టినవాణ్ణి పుట్టినట్టే అమ్మెయ్యాలి అని. పరాయివాళ్ళ బిడ్డ అనుకుంటే మృత్యువు వాడి జోలికి రాదట. పిల్లల్లేని అచ్చాయమ్మ చేటలో కుంచెడు తవుడు తెచ్చి మంచం పక్కన పోసి, పిల్లాణ్ణి ఎత్తుకుంది. తిరిగి కొనుక్కునేదాకా కన్నతల్లి 'నా కొడుకు' అని నోటితో అనకూడదు. పాలిచ్చేది వీరవేణే, పెంచేది వీరవేణే. అనడం మాత్రం కూడదు.

"అది సరే. ఇలా చాలామంది చేస్తారు. మరి రికార్డులో వీడు ఎందుకు లేడు?" అన్నారు శివరామకృష్ణగారు.

"ఆసుపత్రిలో రాసుకునే అమ్మాయి వచ్చి 'ఎవరి బిడ్డ?' అని అడిగిందండి. తవుడు పోసి గంట కాలేదు. మా అమ్మ ఒప్పుకుంటుందా? 'కన్నదాని పేరు చెప్పారంటే పిల్లాడు దక్కడు' అని, నా పేరూ మా ఆయన పేరూ చెప్పింది. ఆ పిల్ల రాసుకుని పోయింది. మేమెవరం కాదనలేదు. నా బిడ్డగానే రాశారు. సర్టిఫికెట్ నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆగస్టు, 2006."

శివరామకృష్ణగారు ఒక్కసారిగా పెద్దగా ఊపిరి వదిలారు. "పందొమ్మిదే! వీడికి పందొమ్మిదేనమ్మా!" అని స్టూలు మీంచి లేచిపోయారు.

మణిదీప్ ఆ మాట విన్నాడో లేదో తెలియదు. తల్లి ముందు గొంతుకూర్చుని, "అయితే నేను నీ కొడుకునేనా?" అన్నాడు. గోల్‌పోస్ట్ ముందు ముగ్గురు డిఫెండర్లు మీద పడ్డా బెదరనివాడు, ఆ ఒక్క మాట అడగడానికి వణికిపోయాడు.

వీరవేణి కళ్ళనిండా నీళ్ళు. తల ఊపింది గానీ నోరు మెదపలేదు.

"పిల్లాడు అడుగుతున్నాడు కదే! చెప్పు!" అని కసిరింది అచ్చాయమ్మ.

"నువ్వు తవుడు ముట్టుకోందే ఎలా చెప్పను వదినా? వాడికేమైనా అయితే?"

అదీ సంగతి! పద్నాలుగేళ్ళ కిందట, వాడికి ఐదేళ్ళు నిండాక, వీరవేణి కుంచెడు తవుడు, ఒక నేతచీర పట్టుకుని కొడుకుని కొనుక్కోవడానికి వెళ్ళిందట. అప్పుడు నలుగురిలో అచ్చాయమ్మ, "కుంచెడుకి కొన్నప్పుడు ఇంత ఉన్నాడు, ఇప్పుడు ఎంతయ్యాడో చూడు. బస్తా తెస్తేగానీ ఇవ్వను" అంది. వీరవేణి చేట అక్కడే వదిలేసి, పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చేసింది. ఆ ఏడు వేట సాగక ఇంట్లో గింజలే కరువు, ఇంక బస్తా ఎక్కడినుంచి తెస్తుంది?

"ఓసి పిచ్చిమొహమా! వేళాకోళానికి అన్నానే!" అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. చేతికున్న చేప పొలుసులు జుట్టుకి అంటుకున్నాయి. "నలుగురూ నవ్వుతారని అన్నాను. నువ్వు నవ్వుతావనే అన్నాను. మర్నాడు మీ వీధికొచ్చాను కూడా. తలుపు వేసుక్కూర్చున్నావు."

"నాకు తెలీదు వదినా. పిల్లాణ్ణి తీసుకుపోవడానికొచ్చావనుకున్నాను."

"తీసుకుపోయి ఏం చేసుకుంటానే? పొద్దున లేస్తే కాలితో ఏదో ఒకటి తన్నేవాడు. నా కుండలన్నీ పగలగొట్టాడు."

మణిదీప్‌కి నవ్వొచ్చింది. మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు. నవ్వుతూంటే కళ్ళు మసకబారాయి.

అచ్చాయమ్మ బకెట్లో చేతులు శుభ్రంగా కడుక్కుంది. బస్తా మూతి విప్పి, దోసెడు తవుడు తీసి కొంగున కట్టుకుంది. "ఇది చాలు నాకు. మిగతాది బాబుగారి ఆవుకి వెయ్యండి" అని, మణిదీప్ చెయ్యి పట్టి లేవదీసి వీరవేణి చేతిలో పెట్టింది. "తీసుకో. కన్నదానికి ముట్టింది. అందరూ చూస్తున్నారుగా? ఇంక నాకు సంబంధం లేదు." ఆ చివరిమాట అంటూనే చటుక్కున కత్తిపీట వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే ఒక ముక్క కోసింది.

వీరవేణి కొడుకు చెయ్యి వదల్లేదు. నోరు రెండుసార్లు తెరిచి మూసింది. అప్పుడే చేపలకని సంచీ పట్టుకుని ఎవరో పెద్దాయన వచ్చాడు. పాపం, ఆయనకి ఏమీ తెలియదు. ఆయన్ని పట్టుకుని, "వీడు నా కొడుకండి" అంది. "నా కొడుకు. ఫుట్‌బాల్ ఆడతాడు. రెండు గోల్స్ కొట్టాడు నా కొడుకు."

"సంతోషం తల్లీ" అన్నాడాయన, బిత్తరపోయి. మార్కెట్టంతా నవ్వింది. మణిదీప్ నడి మార్కెట్లో, చేపల వాసన మధ్య, ఆరడుగుల మనిషి, అమ్మ భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. సిగ్గుపడలేదు. పడాల్సిన పనీ లేదు.

ఆ తర్వాత పరుగులే పరుగులు. అచ్చాయమ్మ ఇంటికెళ్ళి ట్రంకుపెట్టె తెరిపించారు. ఆ హడావిడిలో మణిదీప్ సర్టిఫికెట్ వంక చూడనే లేదు. కోర్టు ఎదురుగా నోటరీ దగ్గర కూర్చుని, కన్నది నేనని ఒకరు, కాగితం మీద మాత్రమే నేనని ఒకరు, ఇద్దరూ రాసిచ్చారు. చినబాబు బోటు దిగగానే అతనూ ఒక సంతకం పెడితే సరిపోతుందన్నారు. శివరామకృష్ణగారింట్లో ల్యాప్‌టాప్ ముందు చేరేసరికి నాలుగున్నర. ఆయన ఒక్కొక్క కాగితం ఎక్కిస్తూ ఉంటే వెనక ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. తెర మీద గుండ్రంగా తిరిగి తిరిగి ఆగింది.

"కాగితాలు ఒప్పుకున్నారు!" అన్నారాయన. అని, వెంటనే మొహం చిట్లించారు. "ఒక చిన్న చిక్కు. పేరు సర్టిఫికెట్లో ఉన్నట్టే సైటు తీసుకుంది."

"ఏమని ఉందండి?" అన్నాడు మణిదీప్.

ఆయన చదివారు. "ఓలేటి తవిటిరాజు."

తవుడుకి కొన్నవాడికి తవిటిరాజు అని కాకపోతే మరేం పేరు పెడతారు? ఇంటిపేరు కూడా అచ్చాయమ్మ భర్తదే. మార్పించడానికి మూడు నెలలు పడుతుంది, అప్పటికి సీజన్ అయిపోతుంది. ఐదులోపు ఆ పేరుకి సరేనని నొక్కాలి, లేదంటే ఈ ఏడాదికి లేదు. మణిదీప్ అమ్మ మొహం వంక చూశాడు. పొద్దున్నే కదా ఆమె నోట 'నా కొడుకు' అన్నమాట వచ్చింది, సాయంత్రానికి కాగితం మళ్ళీ వదినకి రాసిచ్చేసింది.

"వద్దంటే మానేస్తానమ్మా" అన్నాడు.

"కాగితాన్ని ఏమైనా అనుకోనీరా. నాకు ముట్టాల్సింది ముట్టింది. నొక్కు" అంది వీరవేణి.

నొక్కాడు. నాలుగూ యాభై రెండు. శివరామకృష్ణగారి భార్య పళ్ళెంలో బెల్లం ముక్కలు పెట్టి తెచ్చింది. వదినా మరదళ్ళు ఒకే చాప మీద కూర్చుని, పద్నాలుగేళ్ళ కబుర్లు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. మణిదీప్ గోడకి చేరగిలబడ్డాడు. కడుపులో ఇప్పుడు ఆకలి తెలుస్తోంది.

అప్పుడు ఫోను మోగింది. కోచ్ యెహెజ్కేలు. శివరామకృష్ణగారు స్పీకర్ పెట్టారు.

"లిస్టు చూశానండి, సంతోషం! తొమ్మిదో నంబరు జెర్సీ వాడికే. ఆదివారం రాజమండ్రిలో మొదటి నిమిషం నుంచే దింపుతున్నాను. కానీ ఒక గొడవొచ్చిందండి. సైట్లో ఫొటోతో పేరు పడి అయిదు నిమిషాలు కాలేదు, అవతలి జట్టు మేనేజరు ఫోన్ చేశాడు. సెలక్షన్లలో మణిదీప్ అని ఆడినవాడు తవిటిరాజు ఎలా అయ్యాడు, ఎవడిదో సర్టిఫికెట్ పెట్టి ఆడిస్తున్నారు, వాడు దిగితే గ్రౌండ్‌లోనే ఆట ఆపించేస్తాం అంటున్నాడు. జనం ముందే అడుగుతాడట, ఎవడి కొడుకువిరా నువ్వని."

శివరామకృష్ణగారి చేతిలో బెల్లం ముక్క అలాగే ఉండిపోయింది.

అచ్చాయమ్మ లేచి, ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఎవరయ్యా కోచ్ బాబూ, ఆదివారం ఎన్నింటికి ఆట? నాలుగింటికా? అడగమను. జనం ముందే అడగమను. కన్నదీ వస్తుంది, కొన్నదీ వస్తుంది."